మిగిలినోళ్ల కత

సముద్రంలో వేట నిషేధం ఎత్తేసిన వారంలో మా వీధికి కొత్త చేపలావిడ వచ్చింది. మా ఆవిడ గేటు దగ్గర కవళ్లు బేరం చేస్తుంటే, వరండాలో పేపరు చదువుకుంటున్న నేను మాటవరసకి "ఏ ఊరమ్మా మీది?" అని అడిగాను. భోగాపురం అవతల, సముద్రం ఒడ్డున ఉన్న ఒక పల్లె పేరు చెప్పింది. పేపరు మడిచి లేచాను.

"ఆ ఊర్నుంచి ఒకావిడ ఇక్కడికొచ్చి డిగ్రీ చదివేది. నీకు తెలుసా?"

ఆమె చేతిలో చేపని తట్టలో పడేసి నా మొహంలోకి చూసింది.

"మీరు హిస్టరీ సారా?"

"అవును."

"మా యప్ప పోనాది సార్. మొన్న బుధవారానికి వారం. గుండెల్లో నొప్పన్నాది, ఆటో ఎక్కించేలోగానే అయిపోనాది." అక్కని వాళ్లు అప్ప అంటారు. పైటకొంగుతో మూతి తుడుచుకుని మళ్లీ అంది: "ఆదివారం పెద్దకర్మ. మీరు రావాల. మా సారు, మా సారు అని మీ మాట ఎత్తని రోజు లేదు."

మా ఆవిడ నా వైపు తిరిగి ఎవరని అడిగింది. నా దగ్గర చదువుకుందని చెప్పాను. నాకు చెప్పడానికి ఉన్నవాటిలో అదొక్కటే సులువైన మాట.

ఆమె పేరు ఇక్కడ రాయను. ఆమె రాసిన దాన్ని ఒకసారి నా చేత్తో కొట్టేశాను. ఇప్పుడు అదే చేత్తో ఆమె పేరు రాసి గౌరవించానని అనుకోవడం నాకే బాగుండదు.

నేను విజయనగరంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పేవాణ్ని. ఆదివారాలు దూరవిద్యలో చదివేవాళ్లకి క్లాసులు తీసుకునేవాణ్ని. జాబితాలో నలభై పేర్లుంటే పదిహేనుమంది వచ్చేవారు. ప్రమోషను కోసం చదివే కానిస్టేబుళ్లు, ఒక బస్సు కండక్టరు, ఇద్దరు ముగ్గురు అంగన్‌వాడీ టీచర్లు, వాళ్లతోబాటు ఈమె. నలభై దాటిన మనిషి. ఇంటర్ లేకుండానే అర్హత పరీక్ష రాసి నేరుగా డిగ్రీలో చేరింది. పొద్దున్నే బస్సులో చేపలు తెచ్చి, గంటస్తంభం దగ్గర్నుంచి వీధులన్నీ తిరిగి అమ్మి, పదిన్నరకల్లా కాలేజీకి వచ్చేది. ఖాళీ తట్టని మెట్ల కింద బోర్లించేది. పెరట్లో కుళాయి దగ్గర ప్లాస్టిక్ పెట్టెలోంచి సబ్బు తీసి మోచేతుల దాకా, మోకాళ్ల దాకా కడుక్కునేది. వచ్చి ఎప్పుడూ ఒకే చోట, ఆఖరి వరసలో కిటికీ పక్కన కూర్చునేది.

"ముందుకి రామ్మా, బోర్డు కనిపించదు" అని మొదట్లో ఒకసారి పిలిచాను.

"ఇక్కడైతే వాసన అటేపు పోతాది సార్" అంది కిటికీ చూపించి. సిగ్గుతో అన్న మాట కాదది. ఫ్యాను ఎటు తిరుగుతోందో చెప్పినట్టు చెప్పింది.

కళ్లజోడుకి ఒక పక్క కాడ విరిగిపోతే వల అల్లే దారంతో చెవికి కట్టుకునేది. రాయబోయే ముందు కుడిచేతిని ఒకసారి గాల్లో విదిలించేది, పొలుసులు దులుపుకున్నట్టు. ఆ తర్వాత పెన్ను పట్టుకుంటే అక్షరాలు మాత్రం గుండ్రంగా, ఒక్కొక్కటీ విడివిడిగా పడేవి.

పాఠంలో రాజులెవరొచ్చినా ఆమెకి పక్కూరివాళ్లే. లూయీ గురించి చెబితే, "ఆడికి సోకు తెల్సుగానీ సంసారం తెల్దు సార్" అంది. నెపోలియన్ రష్యా మీదికి వెళ్లి మంచులో సైన్యాన్ని పోగొట్టుకున్నాడని చెబితే నోటి మీద చెయ్యేసుకుంది. "గాలి సూసుకోకుండా ఎవుడైనా ఏటకెల్తాడేటి?" ఆ కండక్టరు నవ్వాపుకోలేక బెంచీ మీద తల పెట్టేశాడు. నిజం చెప్పాలంటే నాకు ఆదివారాలు ఆమె కోసమే బాగుండేవి. ఇంట్లో అన్నం తింటూ ఆమె మాటలు మా ఆవిడకి చెప్పి నవ్వేవాణ్ని.

ఈ వయసులో చదువెందుకని అందరూ అడిగినట్టే నేనూ అడిగాను. పెళ్లైన కొత్తలో సంతకం నేర్చుకున్నానంది. సంతకం తర్వాత పేపరు, పేపరు తర్వాత పదో తరగతి. భర్త ఏడాదిలో ఎనిమిది నెలలు గుజరాత్‌లో వేరావల్ బోట్ల మీద పనికి పోయేవాడు. "ఇంటికాడ ఒక్కద్దాన్నీ ఏటి సేస్తాను సార్? సదవడం మొదలెట్టినాక ఇంక ఆపబుద్ధి కాలేదు" అంది.

అది రాష్ట్రం విడిపోతుందని బంద్‌లు జరుగుతున్న ఏడాది. ఒక ఆదివారం బస్సులు సరిగ్గా లేవు, క్లాసుకి ఎనిమిదిమందే వచ్చారు. ఆమె ఏదో ఐస్ వ్యాను పట్టుకుని వచ్చింది. ఆరోజు పాఠం మధ్యయుగాల యూరప్‌లో వచ్చిన ప్లేగు. నల్లచావు అన్నారు దాన్ని. నా దగ్గర బజారు గైడు ఉండేది. అందులో ఆరు పాయింట్లుండేవి. ఏళ్ల తరబడి ఆ ఆరూ చదివి చెప్పడమే నా పాఠం.

ఓడల్లో ఎలకలతో బాటు వచ్చిందని, నాలుగైదేళ్లలో జనాభాలో మూడింట ఒక వంతు పోయారని, పూడ్చే దిక్కులేక పెద్ద పెద్ద గోతుల్లో శవాల్ని పొరలు పొరలుగా వేశారని, బిడ్డకి జబ్బొస్తే తల్లి, తల్లికొస్తే బిడ్డ వదిలేసి పారిపోయారని చెప్పాను. అందరూ తలలు వంచి రాసుకుంటున్నారు. ఆమె రాయడం లేదు.

"సచ్చినోళ్ల కత సెప్పేరు. మిగిలినోళ్ల కత సెప్పండి సార్" అంది. "పని సేసేవోడు మిగల్నేదు గదా, మరి ఆ పొలాలెవుడు దున్నినాడు?"

నాలుగో పాయింటు సరిగ్గా అదే. కూలీలు దొరక్క కూలి పెరిగిందని, దొరకి కట్టుబడి ఉన్న రైతు ఎక్కువిచ్చే చోటికి లేచిపోయాడని, పాత కూలికే పని చెయ్యాలని రాజు చట్టం తెచ్చాడని, ఎన్నో ఊళ్లు మనిషి లేక పాడుపడ్డాయని గైడులోంచి చదివాను. ఆమె ముందుకి వంగి వింటూ మధ్యలో లేచి నిలబడింది.

"నాకు పన్నెండేళ్లప్పుడు మా ఊర్ని కలరా కొట్టీసినాది సార్. తెప్ప మీద నలుగురెల్లాల. ఇద్దరే మిగిలినారు. అప్పుడిదాకా మా అయ్యని 'ఒరే' అన్న పెద్దమనిషి మా గుమ్మంకాడికొచ్చి 'రావయ్యా, నీ వాటా పెంచుతాను' అన్నాడు. సచ్చినోళ్లు మాకు మరేద పెట్టి పోనారు. ఒడ్డు మీంచి పెద్దవల లాగడానికి మగోళ్లు సాలక ఆడోళ్లని పిలిసినారు. మా యమ్మ వల లాగినాది, మగోడితో సమానంగా వాటా తీసుకున్నాది. ఆరేడేళ్లకి కుర్రోళ్లు ఎదిగినారు. ఇంక మీరు ఇంటికెల్లండే అన్నారు. మీ రాజు సట్టం సేసినాడు, మా పెద్దలు నోటితో సేసినారు. అంతే తేడా."

క్లాసంతా ఆమె వైపు తిరిగి వింది. "సార్, ఇదే రాసేసుకుంటాం, గుర్తుంటాది" అన్నాడు కండక్టరు. నేనూ సంతోషంగా తలూపాను. పదేళ్లుగా నేను చదివిన ఆరు పాయింట్లలో ఒకటి మొదటిసారి ఊపిరి పోసుకుని నిలబడింది. అక్కడితో పాఠం అయిపోతే నేనిది రాయవలసిన పని ఉండేది కాదు.

ఐదో పాయింటు చదివాను. జబ్బు ఎందుకొచ్చిందో తెలియక జనం యూదుల మీద పడ్డారు. బావుల్లో విషం కలిపారన్నారు. హింసపెట్టి ఒప్పించారు. ఊళ్లకు ఊళ్లు తగలబెట్టారు.

ఆమె కూర్చోలేదు. మొహంలో రంగు మారింది.

"బావికాడ సూసినామని సెప్పినోళ్లు ఉంటారు గదా సార్. సాచ్చికం. ఆళ్లకి తర్వాత ఏటైనాది?"

అప్పటికి పన్నెండున్నర దాటింది. ఆకలేస్తోంది. పైగా ఆమె ప్రశ్న నా గైడులో లేదు, నా బుర్రలోనూ లేదు. తెలియదని చెప్పలేక జోకు వేశాను.

"అది సిలబస్‌లో లేదమ్మా. తెలుసుకోవాలంటే ఆ సాక్షుల్నే పిలిపించాలి."

అందరూ నవ్వారు. ఆమె కూర్చుంది. ఆరో పాయింటు రాసుకోలేదు.

తర్వాత రెండు ఆదివారాలు రాలేదు. మూడోవారం క్లాసు అయ్యాక మెట్ల దగ్గర నిలబడి ఉంది, తట్ట ఎత్తుకోకుండా. నేను బంధువుల పెళ్లికి బొబ్బిలి వెళ్లాలి, బయట ఆటో ఆగి ఉంది.

"సార్, ఒక మాట. ఆ బావి సంగతి... అబద్ధపు సాచ్చికం సెప్పినోళ్లు తర్వాత ఒప్పుకున్నట్టు ఎక్కడైనా రాసుందేటి?"

"ఏదో ఉంటుందిలే అమ్మా."

"నాకు తెల్సినదొకటున్నాది సార్. మీతో సెప్పాల."

ఆటోవాడు హారన్ కొట్టాడు. "పరీక్షలో ఆ ప్రశ్న వస్తే రాసెయ్ మరి!" అని నవ్వుతూ ఆటో ఎక్కాను.

ఆ ప్రశ్న వచ్చింది.

వాల్యుయేషన్‌కి విశాఖపట్నం వెళ్లాను. అన్ని ఊళ్ల కట్టలూ కలిసిపోయి వస్తాయి. పేపరు మీద పేరుండదు, ఒక కోడ్ అంకె ఉంటుంది. రెండోరోజు మధ్యాహ్నం ఒక పేపరు తిప్పితే గుండ్రటి, విడివిడి అక్షరాలు. అయినా పోల్చుకోలేదు. "మధ్యయుగ యూరప్‌లో ప్లేగు వల్ల జనాభాలోనూ సమాజంలోనూ వచ్చిన మార్పులను వివరింపుము" అన్న ప్రశ్న కింద పేజీన్నర చక్కగా రాసి ఉంది. జనాభా, కూలి, రాజు చట్టం, పాడుపడ్డ ఊళ్లు, అన్నీ ఉన్నాయి. ఆ కింద ఒక గీత గీసి మళ్లీ మొదలైంది.

"ఇది ప్రశ్నకు సంబంధించినదో కాదో నాకు తెలియదు. మా సార్ రాయమన్నారు గనుక రాస్తున్నాను. మా ఊరిలో కలరా వచ్చినప్పుడు ఎండుచేపలు అమ్ముకునే ఒక ముసలమ్మ ఉండేది. ఆమెకు ఎవరూ లేరు. రోజూ జనం పోతున్నారు. ఎవరో చిల్లంగి, అంటే చేతబడి, పెట్టారని పెద్దలు అన్నారు. మా మేనత్త పోయిన రోజున నన్ను నిలబెట్టి, నీళ్లకు వెళ్తావు కదా, బావి దగ్గర ఆ ముసలిదాన్ని చూశావా అని అడిగారు. ఊరంతా నావైపు చూస్తున్నారు. అంతకు ముందు నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. ఊఁ అన్నాను. నేను చూడలేదు.

"మంత్రం పలకకుండా ఆమె పళ్లు రాలగొట్టారు. ఆమె నోరు మూసుకుని ఒడ్డు వెంబడి ఉత్తరంగా నడిచి వెళ్లిపోయింది. మళ్లీ కనపడలేదు. మూడోరోజు సర్కారు జీపు వచ్చి బావిలో తెల్లపొడి కలిపింది. జబ్బు తగ్గింది. ఊరివారు మాత్రం నా మాట వల్ల తగ్గిందని అన్నారు. నన్ను బాగా చూసుకున్నారు. మంచి సంబంధం చేశారు. ఆమె పాక ఉన్న స్థలం మాకు ఇచ్చారు. ఇప్పటికీ అందులోనే ఉంటున్నాను. పుస్తకంలో జనాభా తగ్గినందువల్ల మిగిలినవారికి మేలు జరిగిందని ఉంది. నాకు కూడా జరిగింది. సాక్షులకు ఏమైందని పుస్తకంలో లేదు. వారు బాగానే బతుకుతారు. అదే వారికి శిక్ష."

రెండో వాక్యంలోనే అది ఎవరి పేపరో తెలిసింది, ఆఖరిదాకా చదివి మళ్లీ మొదటికొచ్చాను. పక్క కుర్చీలో ఉన్న సహోద్యోగి మోచేత్తో పొడిచాడు. "ఏంటి మాస్టారూ, నవలేమైనా దొరికిందా? సాయంత్రంలోగా కట్ట అవ్వాలి."

నవ్వాను. ఆ గీత కింద ఉన్నదంతా అడ్డంగా కొట్టేశాను. పక్కన "అసంబద్ధం" అని రాశాను. పదిహేనుకి మూడు వేశాను.

గీతకి పైన ఉన్నదానికే తొమ్మిదో పదో రావాలి. అది నాకు అప్పుడే తెలుసు. ఎందుకు మూడు వేశావని నన్ను నేను చాలా రకాలుగా అడిగాను. తెలిసినవాళ్లకి మార్కులు వేశానన్న మాట వస్తుందని భయపడ్డానని కొన్నాళ్లు చెప్పుకున్నాను. రూలు రూలేనని ఇంకొన్నాళ్లు. అవేవీ కావు. "మా సార్ రాయమన్నారు" అన్న వాక్యం చదివినప్పుడు నాకు ఒళ్లు మండింది. ఆటో ఎక్కుతూ విసిరేసిన మాటని ఆమె పట్టుకుని, ముప్ఫై ఏళ్లు ఎవరికీ చెప్పనిది తెచ్చి నా ముందు పెట్టింది. అంత బరువు నాకెందుకిచ్చిందని కోపం వచ్చింది. ఆ కోపంతో వేసిన మూడు అది.

మిగతా పేపర్లన్నీ పాసై, ఆ ఒక్కదానిలో నాలుగు మార్కులతో తప్పింది.

హుద్‌హుద్ తుఫానుకి ముందు, ఒక ఆదివారం మార్కుల మెమో పట్టుకుని వచ్చింది. ఆవేళ తట్ట లేదు. కొత్త చీర కట్టుకుంది. స్టాఫ్‌రూమ్‌లో నేనొక్కణ్నే ఉన్నాను. కూర్చోమంటే కూర్చోలేదు.

"మీ పేపరే పోనాది సార్" అంది. "ఏటి తప్పు రాసినానో తెల్సుకుందామని వచ్చేను."

"పేపర్లు ఎవరెవరో దిద్దుతారమ్మా. నాకెలా తెలుస్తుంది?" అన్నాను. అంటూ టేబుల్ మీది హాజరు పట్టీ సర్దాను.

ఆమె మెమో తిప్పి చూసింది. "ఎవరు దిద్దినా, సదివుంటారా సార్? పూర్తిగా సదివుంటారా?"

"చదవకుండా ఎలా వేస్తారు?"

"అయితే సాలు" అంది. మెమో నాలుగు మడతలు పెట్టి జాకెట్లో పెట్టుకుంది.

"మళ్లీ కట్టు. సప్లిమెంటరీలో తేలిగ్గా వస్తుంది. గీత పైన రాసింది చాలు..." అని నాలిక కరుచుకున్నాను.

గీత మాట నేనెలా అన్నానని ఆమె అడగలేదు. నా వైపు చూసింది. ఆ చూపులో కోపం ఉందని చెప్పగలిగితే నాకు తేలికగా ఉండేది. జబ్బుమనిషిని చూసినట్టు చూసింది. "ఇంక రాయను సార్. రాయాల్సింది రాసీసినాను. మీ ఒంట్లో బాగుందా? సిక్కిపోనారు" అంది. వెళ్లిపోయింది. నేను ఆమెను చూడడం అదే ఆఖరు.

దాదాపు ఐదేళ్లు ఆ ఊరి బస్సు కనిపిస్తే తల తిప్పుకునేవాణ్ని. చేపలు మా ఆవిడే కొనేది. అందుకే ఆరోజు గేటు దగ్గరున్న చేపలావిడని తర్వాత ఏమైందని నేను అడగలేదు. ఆమే మెట్టు మీద కూర్చుని చెప్పింది.

పరీక్ష తప్పిన నెలలోనే, కులపెద్దలు కూర్చున్నచోట ఆమె లేచి నిలబడిందట. చిన్నప్పుడు ముసలమ్మ గురించి తాను చెప్పింది అబద్ధమని అందరి ముందూ చెప్పిందట. చచ్చిపోయిన పెద్దలకి తప్పంటగడతావా అని ఊరు మండిపడింది. ఒడ్డున వేలంలో ఆమెకి చేప ఇవ్వొద్దన్నారు. ఊరి ఆటోలో ఎక్కించుకోలేదు. రెండేళ్లపాటు ఆమె పక్కూరి ఒడ్డు దాకా నడిచివెళ్లి చేపలు కొనుక్కుని అమ్ముకుంది.

"నానైతే సచ్చిపోదును సార్" అంది చేపలావిడ. "మా యప్ప మాత్రం, 'కాగితం మీద ఒకపాలి రాసీసినాక నోటితో సెప్పడం సులువైపోనాదే' అనేది. 'మా సారు రాయమన్నాడు, రాసినాను, ఎవులో సదివినారు' అనేది."

నేను గేటు ఊచ పట్టుకున్నాను.

"మూడో ఏడు ఊర్లో జరాలొచ్చినాయి. డెంగీ. ఇద్దరు పిల్లలు పోనారు. నాను ముండమోసినదాన్ని, ఒక్కద్దాన్నీ ఉంటాను. నా మీద పడినారు. చిల్లంగి అన్నారు. మా యప్ప వచ్చి నా గుమ్మంలో కూకున్నాది. నాలుగు రోజులు, అక్కడే తిన్నాది, అక్కడే తొంగున్నాది. 'బావికాడ సూసినామని ఎవులు సెప్తారో రండి, ముందు నా ముందర సెప్పండి, అబద్ధం సెప్తే ఎలగుంటాదో నాకు తెల్సు' అన్నాది. ఎవులూ రాలేదు. ఐదోనాడు డాక్టర్లొచ్చి మందు కొట్టినారు." పై పెదవి ఎత్తి నాకు పళ్లు చూపించింది, అన్నీ ఉన్నాయి. "ఇవి మా యప్ప పెట్టినవి" అంది. తట్ట ఎత్తమని మా ఆవిడని పిలిచింది.

ఆదివారం వెళ్లాను. ఒడ్డుకి దగ్గరగా చిన్న ఇల్లు, ముందు షామియానా. నన్ను చూడగానే ఎవరో ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి అందరికంటే ముందు వేశారు. పెద్దలు చాపల మీద కూర్చున్నారు. ఇప్పుడు అందరూ ఆమెని మెచ్చుకునేవాళ్లే. గుండెధైర్యం గల మనిషన్నారు. సారు రెండు ముక్కలు చెప్పాలన్నారు.

బస్సులో వస్తూనే నిర్ణయించుకున్నాను. లేచి నిలబడి చెప్పేశాను. ఆమె పరీక్ష తప్పలేదని, తప్పించింది నేనని, బాగా రాసిందని తెలిసీ మార్కులు వెయ్యలేదని, వచ్చి అడిగితే నేను కాదని అబద్ధమాడానని చెప్పాను. ఏదో జరుగుతుందనుకున్నాను.

ఏమీ జరగలేదు. ఒక పెద్దాయన లేచి నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. "పెద్దోరు, ఏలకి ఏల పేపర్లు దిద్దుతారు. ఏదో సూసుకోకుండా ఏసుంటారు బాబూ. ఇంతదూరం వచ్చి సెప్పినారు, అదే సాలు" అన్నాడు. అందరూ అవునన్నారు. ఎవరో కూల్‌డ్రింక్ తెచ్చి నా చేతిలో పెట్టారు. మొదటి పంక్తిలో మొదటి విస్తరి నాకే వేశారు. ఇదే ఊళ్లో, ఇదే జనం ముందు నిజం చెప్పినందుకు ఆమె రెండేళ్లు పక్కూరి ఒడ్డుకి నడిచింది. నన్ను క్షమించడానికి ఊరికి అరగంట కూడా పట్టలేదు.

భోజనాలయ్యాక ఆమె భర్త వచ్చి నా పక్కన ఇసకలో కూర్చున్నాడు. సన్నటి మనిషి, ఎండకి మాడి నల్లబడ్డ ముక్కు. వేరావల్ నుంచి ఆమె పోయే మూడు రోజుల ముందే వచ్చాడట. నేను చెప్పిందంతా విన్నాడు గానీ, అందరితోపాటు అవుననలేదు.

"దాన్లో ఏటి రాసింది సార్?" అన్నాడు. "నాకు సదువు రాదు. ఫోన్లో అడిగితే, పరీచ్చ కాగితం గదా, ఎలగ సెప్తానూ అనేది."

మొదలుపెట్టాను. ఐదేళ్లు దాటినా ఒక్క అక్షరం పోలేదు. మూడింట ఒక వంతు జనాభా పోవడం దగ్గర్నుంచి, కూలి పెరగడం, రాజు చట్టం, పాడుపడ్డ ఊళ్లు, ఆ గీత, గీత కింద ముసలమ్మ, ఆఖరి వాక్యం వరకూ వరసగా చెప్పాను. అతను సముద్రం వైపు చూస్తూ విన్నాడు. మధ్యలో ఒక్కసారి, ఆమె పాక స్థలం మాట వచ్చినప్పుడు, వెనక్కి తిరిగి ఇంటి వైపు చూశాడు.

అయిపోయాక నా వైపు తిరిగాడు.

"బాగా రాసిందా సార్?"

"చాలా బాగా రాసింది."

"మరి?"

గొంతు పెంచలేదు. నన్ను దెప్పుదామన్న ఉద్దేశమూ లేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగాడు, తెలుసుకుందామనే ఆగాడు. లోపల్నుంచి ఎవరో పిలిచేదాకా అలాగే నా మొహం చూస్తూ కూర్చున్నాడు. తర్వాత లేచి, లుంగీకి అంటిన ఇసక దులుపుకుని వెళ్లిపోయాడు.